మూలవిరాట్టు లేని కీర్తన

1896 ఏప్రిల్ 6, ఏథెన్స్. ఈస్టర్ మర్నాడు, గ్రీకుల స్వాతంత్ర్య దినం కూడా. పానథినైకో స్టేడియంలో రాజు మొదటి జార్జి ఆధునిక ఒలింపిక్స్ మొదలైనట్టు ప్రకటించగానే వాద్యకారులూ గాయకులూ కలిసి ఒక కొత్త కీర్తన అందుకున్నారు. మాటలు కోస్తిస్ పలమాస్‌వి, బాణీ స్పిరిడాన్ సమారాస్‌ది. క్రీస్తు పునరుత్థానాన్ని నిన్ననే కొలిచిన జనం ఇవాళ విన్నది, చావులేని ఒక ప్రాచీన ఆత్మను దిగిరమ్మని వేడుకునే పాట!

ఎవరా ఆత్మ? పలమాస్ చెప్పలేదు. పాటలో గుడి ఉంది, మొక్కడానికి తరలివచ్చే జనాలున్నారు, మూలవిరాట్టు పేరు మాత్రం లేదు.

పాత ఒలింపియాలో ఈ అనుమానానికి తావే లేదు. అక్కడి ఆటలు జ్యూస్‌వి. ఆయన బలిపీఠం దగ్గర ఎడ్లను బలిచ్చేవారు, ఆయన విగ్రహం ముందే క్రీడాకారులు ప్రమాణం చేసేవారు. నాలుగో శతాబ్దం చివర్లో క్రైస్తవ చక్రవర్తి థియోడోసియస్ ఆ పూజలన్నీ నిషేధించాడు. అలాంటి దేవుణ్ణి 1896లో పేరు పెట్టి పిలవడం ఏ గ్రీకు కవికైనా ఇబ్బందే.

పేరు లేకపోవడమే పాటకు కలిసొచ్చింది. ఎవరి దేవుణ్ణి వాళ్లు అందులో చూసుకోవచ్చు. మధ్యలో కొన్నాళ్లు ఆతిథ్య నగరాలు సొంత గీతాలు రాయించుకున్నాయి. 1936 బెర్లిన్ క్రీడలకు రిచర్డ్ స్ట్రాస్ స్వరపరిచాడు, ఆటలంటే తనకు గిట్టదని మిత్రుడికి ఉత్తరం రాస్తూనే! చివరికి 1958లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమారాస్ బాణీనే అధికారిక గీతం చేసింది.

అయితే ఖాళీ పీఠం ఖాళీగా ఉంటుందా? ఒలింపిక్స్‌కు ప్రాణం పోసిన కుబెర్టాన్‌కు ఆ సందేహం లేదు. తన ఉద్యమం ఒక మతమేనని 1935 రేడియో ప్రసంగంలో చెప్పాడు. పూర్వం క్రీడాకారుడు దేహాన్ని తీర్చిదిద్దుకుని దేవతలను కొలిచాడు, నేటివాడు అలాగే దేశాన్నీ జెండానూ కొలుస్తాడు. ఇదీ ఆయన వాదం. దేవుడి చోట దేశాన్ని కూర్చోబెట్టినవాడు ఆయనే.

అందుకే పతకాల వేదిక మీద ఈ కీర్తన అరుదు. అక్కడ మోగేది జాతీయ గీతం. నిషేధం లాంటి కారణాలతో జెండా దూరమైనవాళ్లకే ఇది మిగులుతుంది. 2014 సోచి ప్రారంభోత్సవంలో శివ కేశవన్ తదితర భారతీయులు త్రివర్ణం లేకుండా ఒలింపిక్ జెండా కిందే నడవాల్సి వచ్చింది. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో స్వర్ణం గెలిచిన రష్యా ఐస్ హాకీ ఆటగాళ్లు, ఒలింపిక్ గీతం మోగుతుండగా దాని మీదుగానే తమ జాతీయ గీతం పాడారు. అది అమర్యాద అన్నవాళ్లున్నారు. కుబెర్టాన్ లెక్కలో మాత్రం అది భక్తే.

కువైట్ షూటర్ ఫెహైద్ అల్ దీహానీ సంగతి ఇంకా సూటిగా ఉంది. 2016 రియోలో ఆయన దేశంపై నిషేధం ఉంది. ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా పట్టమంటే, తాను సైనికుణ్ణని, కువైట్ జెండా తప్ప మరొకటి మోయనని తిరస్కరించాడు. తర్వాత డబుల్ ట్రాప్‌లో స్వర్ణం గెలిచాడు. ఆయన కోసం పైకెక్కింది ఆ ఒలింపిక్ జెండాయే, మోగింది పలమాస్ పాటే.