భారం ఎవరి మీద?

ఖర్చు లేని శక్తి ఉంటుందా అన్నది భౌతికశాస్త్రం ఏనాడో తేల్చిన ప్రశ్న. అయినా ఆ ప్రశ్న మన పల్లెల్లో మళ్లీ మళ్లీ ఎందుకు పుడుతున్నది, చదువుకున్నవాళ్లం దానికి ఏ విధంగా జవాబు చెప్పాలి అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. నేను చర్చించదలచినది ఈ రెండవదాన్నే. కాని యంత్రాన్ని దాటవేసి నీతి చెబితే అది ఉత్త ఉపన్యాసమవుతుంది. కనుక ముందు యంత్రం సంగతి చూద్దాం.

నేను విడవలూరులో ఫిజిక్సు చెప్పే మాస్టరును. ఈ తీరాన వరిచేలతోపాటు రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట ఏరేటరు ఆగిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారేసరికి పంటంతా పోవచ్చు. ఇక్కడ కరెంటు అంటే దీపం వెలగడం మాత్రమే కాదు, అప్పు తీరడం. అటువంటి చోట ఒక కుర్రవాడు మోటారు, బరువైన చక్రం, బెల్టు, జనరేటరు జతచేసి, జనరేటరు ఇచ్చే కరెంటుతోనే మోటారును తిప్పి, మిగిలినదానితో ఏరేటరు నడపాలని షెడ్డులో తంటాలు పడుతుంటే ఆశ్చర్యమేమున్నది? అలాంటివాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లలో సోమరిని నేను చూడలేదు.

వాళ్లందరినీ ఓడించేది ఒక్కటే: తీగచుట్ట పెట్టే ఎదురుబలం. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. అలా పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుందని లెంజ్ 1834లో సూత్రీకరించాడు. ఈ సూత్రం పుస్తకం చదవని కాళ్లకు కూడా తెలుసు. పాతకాలపు సైకిలుకు డైనమో తగిలించి చీకట్లో తొక్కినవారిని అడగండి. చక్రానికి డైనమో ఆనగానే తొక్కుడు బరువెక్కుతుంది. అందులో కొంత రాపిడి. బల్బు ఊడదీసి తొక్కితే ఆ రాపిడి ఒక్కటే మిగులుతుంది. బల్బు పెట్టి తొక్కితే మరికొంత భారం చేరుతుంది. ఆ చేరిన భారమే వెలుగుకు మూల్యం. లోడు లేనప్పుడు జనరేటరు తేలిగ్గా తిరగడం చూసి మురిసిపోయేవాడు, బల్బు లేని డైనమోను తొక్కి వెలుగు ఉచితమనుకున్నవాడితో సమానం. వోల్టులు కనిపించినంత మాత్రాన పని జరిగినట్టు కాదు.

ఇక లెక్క. మోటారు సామర్థ్యం నూటికి 75, బెల్టుది 95, జనరేటరుది 75 అనుకుందాం. 1000 వాట్లు లోపలికి పోతే బయటికి వచ్చేది దాదాపు 530 వాట్లు. దాన్నే తిరిగి మోటారుకు ఇస్తే మరుక్షణం 280 మిగులుతాయి. మరి బరువైన చక్రం ఏం చేస్తుంది? దాచి ఇస్తుంది, పుట్టించదు. 40 కిలోల బరువు, 25 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే అందులో సుమారు 15,400 జౌళ్ల శక్తి ఉంటుంది. 500 వాట్ల దీపాలు దానితో అర నిమిషం వెలుగుతాయి. చూడవచ్చినవారిని నమ్మించడానికి ఆ అర నిమిషం చాలు. రొయ్యను బతికించడానికి చాలదు.

పరీక్ష ఎలా చేయాలి? ఒక తాడును జనరేటరు ఇరుసుకు చుట్టి, గిలక మీదుగా 10 కిలోల బస్తాను వేలాడదీయండి. అది రెండు మీటర్లు దిగితే ఇవ్వగలిగేది 196 జౌళ్లు, అంతకుమించి ఒక్కటీ ఇవ్వదు. లోడు లేనప్పుడు బస్తా చకచకా దిగుతుంది. లోడు తగిలిస్తే మెల్లగా దిగుతుంది. ఆ ఆలస్యంలోనే తీగచుట్ట ఎదురుబలం కంటికి కనబడుతుంది. రెండవ పరీక్షకు బ్యాటరీ లేకుండా, మోటారు వైపు ఒకటి, లోడు వైపు ఒకటి, రెండు ఇంటి మీటర్లు పెట్టి గంటసేపు నడపండి. బ్యాటరీ ఎందుకు వద్దంటే, 12 వోల్టుల, 7 ఆంపియర్‌-గంటల చిన్న బ్యాటరీలో 84 వాట్‌-గంటలు దాగి ఉంటాయి. పది వాట్ల బల్బు దానితో పూటంతా వెలగగలదు. చేతి మీటరుతో వోల్టులను, ఆంపియర్లను గుణించి సంతోషించడం కూడా వద్దు. లోడు మోటారులాంటిదైతే ఆ లబ్ధం అసలు వాట్లకన్న ఎక్కువ చూపిస్తుంది.

ఇక్కడ కొందరు మిత్రులు ఆక్షేపణ తెస్తారు: “గెలీలియోను కూడా కాదన్నారు కదా, మీరు పెద్దల మాట వల్లిస్తున్నారు.” ఈ ఆక్షేపణను తీసిపారేయకూడదు. శాశ్వత చలన యంత్రాలను ఇకపై పరిశీలించబోమని పారిస్ అకాడమీ 1775లో తీర్మానించింది. నేను ఆ తీర్మానాన్ని ఆధారం చేసుకోవడం లేదు. నా ఆధారం నేలటూరు. మన జిల్లా తీరానే, ముత్తుకూరు మండలంలో, దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. సాయంత్రం ఇళ్లలో దీపాలు వెలిగితే అక్కడి రోటార్ల మీద ఎదురుబలం పెరుగుతుంది. సెకనుకు 50 ఆవృత్తుల వేగం జారబోతుంది. ఆవిరి కవాటం మరికొంత తెరుచుకుంటుంది. మరికొంత బొగ్గు కాలుతుంది. తీగచుట్ట ఎదురు తిరగకపోతే ఆ బొగ్గే అక్కరలేదు. లెంజ్ సూత్రాన్ని రోజూ రుజువు చేస్తున్నది అకాడమీ కాదు, ఆ బూడిద.

ఈ భ్రమ చదువురానివాళ్లదని అనుకోవడం కూడా పొరపాటు. పాదరసం నింపిన ఆకులతో తనంత తానే తిరిగే చక్రాన్ని వర్ణించినవాడు భాస్కరాచార్యుడు. ఆయన ‘సిద్ధాంత శిరోమణి’ 1150 నాటిది. ఎదురుబలం లేని జనరేటరు చేశానని, దాని సామర్థ్యం నూటికి నూరు దాటిందని మన కాలంలో చెప్పినవాడు పరమహంస తివారీ. ఆయన కైగా అణువిద్యుత్ ప్రాజెక్టుకు డైరెక్టరుగా పనిచేసిన ఇంజనీరు. ఆ యంత్రం ఏ ఊరికీ దీపం పెట్టలేదు. ఇటువంటి నమ్మకం వేరు, మోసం వేరు. మూలికలతో పెట్రోలు చేస్తానని 1996లో దేశాన్ని ఊపిన తమిళనాడు రామర్ పిళ్లైకి మోసం నేరం మీద 2016లో కోర్టు శిక్ష వేసింది. నమ్మేవాడికీ అమ్మేవాడికీ మధ్యనున్న గీత మీటరే. మీటరు పెట్టనిచ్చేవాడు ప్రయోగం చేస్తున్నాడు. మీటరును చూసి ముఖం చాటువేసేవాడు వ్యాపారం చేస్తున్నాడు.

అసలు ప్రశ్నకు వద్దాం. ఉచితం అనే మాటకు మనం రెండర్థాలు కలిపేస్తున్నాం. 2004 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించారు. రైతుకది ఉచితమే, కాని బొగ్గుకు కాదు, ఖజానాకు కాదు, బూడిద పీల్చే ఊరికి కాదు. అయినా అది అబద్ధం కాదు. ఆ భారాన్ని ఎవరి భుజం మీద పెట్టాలో సమాజం బాహాటంగా నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించవచ్చు, మార్చవచ్చు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో, పెంచిన కరెంటు చార్జీలకు ఎదురు నిలిచినవారి మీద కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. వాళ్లు భారమే లేని కరెంటును అడగలేదు. భారం ఎవరు మోయాలని అడిగారు. ఖర్చు లేని యంత్రం ఈ ప్రశ్ననే మాయం చేస్తుంది. షెడ్డులో చక్రం ఒకటి తిరిగితే చాలుననుకున్నవాడికి చార్జీలతో పని లేదు, ఇరుగుపొరుగుతో పని లేదు. ఈ భ్రమ చేసే అసలు నష్టం, పోసిన డబ్బుకన్న పెద్ద నష్టం, ఇదే.

మా మండలంలోని అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు కలిగిన కుటుంబంలోంచి వచ్చి వ్యవసాయ కూలీలను సంఘటితం చేశారు. పంట కళ్లముందు ఉన్నప్పుడు దాని వెనక ఎవరి నడుము వంగిందని అడగడం ఈ నేలకు కొత్త కాదు. తీగచుట్టను అడిగినా అదే జవాబు చెబుతుంది: వెలుగు ఉన్నచోట భారం ఉన్నది, కనబడలేదంటే ఎవరో దాన్ని మరోచోటికి తోశారన్నమాట.

కనుక షెడ్డులోని ఆ కుర్రవాడి పట్ల మన బాధ్యత రెండు విధాలు. అతన్ని నవ్వులపాలు చేయకూడదు. చార్జీల బాధ నిజం, చేతి పనితనం నిజం. అలాగని బుజ్జగించనూ కూడదు; వంద రూపాయల బెల్టు దగ్గర ఆగవలసినవాడు పొలం తాకట్టు దాకా పోతాడు. అతనికి ఇవ్వవలసింది తీర్పు కాదు, తాడూ బస్తా, రెండు మీటర్లు. తీర్పు యంత్రమే చెబుతుంది. ఆ తర్వాత అతను అడగబోయే ప్రశ్నకు, తన కరెంటు భారం ఎందుకింత ఉన్నది, ఎవరితో కలిసి మోయాలి అన్న ప్రశ్నకు, మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. అది లేనివాళ్లకు అతని చక్రాన్ని చూసి నవ్వే అర్హత లేదు.