ఊరియా పేరు కొట్టివేయకూడదు

ధ్యానింపవలసిన భాగములు: లూకా 1:1–4, 1 రాజులు 15:5, మత్తయి 1:6



మనకు మేలు చేసినవారిని గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు వారి తప్పులను కూడ వ్రాయవలెనా? లేక మంచిమాత్రమే వ్రాసి తక్కినది కప్పివేయవలెనా? ఈ నెల ఈ ప్రశ్నను లేఖనముల వెలుగులో ఆలోచింతము.

పట్టణములో చదువుకొనుచున్న మన సంఘ యౌవనుడొకడు ఈ ప్రశ్నను నాయొద్దకు తెచ్చెను. వికీపీడియా అను విజ్ఞాన సర్వస్వమును గూర్చి మీలో అనేకులు వినియుందురు. సెల్ ఫోను గల ప్రతివాడును దానిని ఉచితముగా చదువవచ్చును. అది 2001లో ఆరంభమాయెను. తెలుగులో 2003 నుండి ఉన్నది. దానిలో ఎవరైనను వ్రాయవచ్చును. ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవచ్చును. అయితే వ్రాసినదానికి నమ్మదగిన ఆధారము చూపవలెననియు, పక్షపాతము లేక వ్రాయవలెననియు దానికి కట్టుబాట్లు కలవు. మన యౌవనుడు జర్మనీ దేశములోని హాలె విశ్వవిద్యాలయమును గూర్చిన వ్యాసమును సరిచేసి పెంచుటకు పూనుకొనెను. చదివినకొలది అతనికి ఘనమైన సంగతులును దొరికెను, సిగ్గుపడదగిన సంగతులును దొరికెను. “అయ్యగారూ, మన తెలుగువారికి మేలు చేసిన చోటు గదండీ. ఆ చెడ్డ సంగతులు కూడ వ్రాయమంటారా?” అని అడిగెను.

ఆ చోటు మనకు చేసిన మేలేమి? హాలె విశ్వవిద్యాలయము 1694లో స్థాపింపబడెను. అక్కడ ఉపాధ్యాయుడును సంఘకాపరియునైన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె, 1695లో తన కానుక పెట్టెలో నాలుగు థాలరులును పదునారు గ్రోషెనులును దొరకగా, ఆ కొద్ది సొమ్ముతోనే బీదపిల్లలకు బడి పెట్టెను. దానినుండి గొప్ప అనాథాశ్రమమును, పాఠశాలలును, ముద్రణాలయమును పెరిగెను. 1706లో తరంగంబాడిలో దిగిన సీగెన్‌బాల్గ్ హాలెలో చదివినవాడే. ఆయన వెనుక 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేయుచు, 1732 నాటికి బైబిలును తెలుగులోనికి త్రిప్పెను. అది అచ్చుపడలేదు. అయినను ఆయన స్వదేశమునకు తిరిగి వెళ్లి 1746, 1747 సంవత్సరములలో హాలెలోనే తెలుగు అక్షరములతో చిన్న క్రైస్తవ పుస్తకములను అచ్చువేయించెను. ఇంత దూరపు జనుల భాషకు అక్షరములు పోతపోయించిన ఊరిని మనమెట్లు ప్రేమింపకుందుము?

ఇక రెండవ ప్రక్క చూడుడి. అదే హాలెలో క్రిస్టియన్ వోల్ఫ్ అను తత్త్వశాస్త్ర పండితుడు 1721లో చీనా జ్ఞానియైన కన్ఫ్యూషియసును మెచ్చుకొని ఉపన్యసించెను. వేదాంత పండితులు ఆయనమీద లేచిరి. వారిలో ఫ్రాంకెయు ఉండెను. సంగతి రాజు చెవిని పడెను. 48 గంటలలో దేశము విడువనియెడల ఉరిశిక్షయని 1723లో ఆజ్ఞ వచ్చెను. వోల్ఫ్ వెళ్లిపోయెను. 1740లో క్రొత్త రాజు ఏలుబడికి వచ్చిన తరువాతనే ఆయన తిరిగి పిలువబడెను. అనాథలను చేరదీసిన చేతులే ఒక తోటి ఉపాధ్యాయుని వెళ్లగొట్టు పనిలోను ఉండెను.

ఇంతకంటె చేదైన సంగతి 1933లో జరిగెను. హిట్లరు ప్రభుత్వపు చట్టమునుబట్టి యూదులైన ఉపాధ్యాయులు తమ పదవులనుండి తీసివేయబడిరి. గుంథర్ డేన్ అను సంఘకాపరి యుద్ధమును పవిత్రమైనదిగా ఎంచకూడదని చెప్పినందున, ఆయన 1931లో అక్కడ వేదాంత ఉపాధ్యాయుడుగా నియమింపబడినప్పుడు నాజీ విద్యార్థులు పెద్ద అల్లరి చేసిరి. 1933లో ఆయనయు తొలగింపబడెను. ఆ సంవత్సరమే నవంబరు 10న, లూథరు పుట్టి 450 ఏండ్లు నిండిన దినమున, విశ్వవిద్యాలయమునకు మార్టిన్ లూథరు పేరు పెట్టబడెను. నేటికిని అదే పేరు. ఆ లూథరే 1543లో యూదులకు విరోధముగా మిక్కిలి కఠినమైన పుస్తకము వ్రాసియుండెను.

ఇవి వ్రాయవలెనా, మానవలెనా? మూడు సంగతులు విచారింతము.

మొదటిది, సాక్ష్యము. పరిశుద్ధుడైన లూకా సువార్త వ్రాయబోవుచు, మొదటినుండి కన్నులార చూచినవారు అప్పగించినదానిని తాను జాగ్రత్తగా విచారించి వరుసగా వ్రాయుచున్నానని థెయొఫిలునకు తెలియజేసెను. ఆత్మ ప్రేరణ పొందినవాడే విచారణ మానలేదు, మనము మానవచ్చునా? ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడవలెనని ధర్మశాస్త్రమును చెప్పుచున్నది. ఒక ఉదాహరణ చూడుడి. 1502లో స్థాపింపబడిన విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయము 1817లో హాలెతో కలుపబడెను గనుక, లూథరు కథయు ఈ వ్యాసములో చేరును. 1517 అక్టోబరు 31న ఆయన తన 95 వాదాంశములను ప్రధాన బిషప్పునకు పంపెననుటకు ఆనాటి ఉత్తరమే సాక్షి. ఆలయ తలుపునకు మేకులతో కొట్టెననుమాటయో, లూథరు మరణించిన 1546లో మెలాంక్తన్ వ్రాసినది; మెలాంక్తన్ విట్టెన్‌బర్గ్‌నకు వచ్చినది 1518లో. కొట్టియుండవచ్చును, కొట్టకపోవచ్చును. ఆ బొమ్మ మన ఆదివారపు బడి గోడలమీద ఎంత అందముగా నున్నను, వ్రాయువాడు ఉత్తరమును ఉత్తరముగాను, వినికిడిని వినికిడిగాను వ్రాయవలెను. మన విశ్వాసము ఆ మేకులమీద నిలిచినది కాదు.

రెండవది, కప్పుట. ప్రేమ పాపములను కప్పును గదా, తండ్రి దిగంబరత్వమును బయటపెట్టిన హాము చేసినది తప్పు గదా అని కొందరు అడుగుదురు. మంచి ప్రశ్నయే. షేము, యాపెతులు వెనుకకు నడిచివెళ్లి నోవహును కప్పిరి. దేవుని వాక్యము వారిని మెచ్చుకొనుచున్నది. అయితే నోవహు ఆ రాత్రి ఎవని ఇల్లు కూల్చెను? ఎవని పదవి తీసివేసెను? అది తన్ను తాను మరచిన ముసలివాని సిగ్గు. ఊరియా సంగతి అట్టిది కాదు. అక్కడ భార్యను పోగొట్టుకొని ప్రాణమును పోగొట్టుకొన్న ఒక పొరుగువాడు ఉన్నాడు. అందుచేతనే రాజుల గ్రంథము దావీదును యథార్థవంతుడని పొగడుచునే, ఊరియా సంగతి తప్ప అని చేర్చినది. మత్తయి మన ప్రభువు వంశావళిని వ్రాయుచు, దావీదు కీర్తికి వెరవక ఊరియా పేరును అక్కడ నిలిపెను. దావీదు బలాఢ్యుల పట్టికలోను చివరి పేరు ఊరియాదే.

ఇదియే మనకు కొలత. ఒకని స్వంత బలహీనత మాత్రమైనయెడల ప్రేమ దానిని కప్పనిమ్ము. అన్యాయము పొందిన పొరుగువాడు ఉన్నయెడల, ఆ కప్పుట అతనిమీద పడిన రెండవ దెబ్బ. మొదట వాని పదవి తీసివేసిరి. ఇప్పుడు వాని పేరును తీసివేయుదుమా? అబద్ధ సాక్ష్యము కూడదను ఆజ్ఞ పొరుగువాని నిమిత్తము ఇయ్యబడినది. మౌనము కూడ కొన్నిసార్లు అబద్ధ సాక్ష్యమగును.

మూడవది, మనస్సు. తప్పులు వెదకుటయందే రుచి గలవారు ఉన్నారు. అట్టివాడు 1933ను గూర్చి పది పేరాలు వ్రాసి, నాలుగు థాలరుల బడిని ఒక మాటతో దాటిపోవును. అదియు సత్యము కాదు. ఆఫ్రికాలో పుట్టి, చిన్ననాడే జర్మనీకి కొనిపోబడిన ఆంటన్ విల్హెల్మ్ ఆమో 1727లో ఈ విశ్వవిద్యాలయములోనే విద్యార్థిగా చేరి, తరువాత అక్కడనే ఉపాధ్యాయుడాయెను. 1754లో డొరొథియా ఎర్క్స్‌లేబెన్ అను స్త్రీ వైద్యశాస్త్రములో డాక్టరు పట్టము పొందెను. జర్మనీలో ఆ పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. వీటిని వ్రాయనివాడును పక్షపాతియే. త్రాసు రెండు ప్రక్కలను సమముగా పట్టుకొనువాడే సాక్షి. ఆ వ్యాసము క్రింద వ్రాసినవాని పేరు పెద్ద అక్షరములతో ఉండదు; రేపు మరియొకడు వచ్చి దిద్దవచ్చును. కోపపడక, ఆధారము చూపి, సాత్వికముతో మాటలాడవలెను.

ఈ మాటలే ఆ యౌవనునికి జవాబుగా చెప్పితిని. అయితే ఇది అతనికి మాత్రమే చెందిన సంగతి కాదు. మన సంఘములు జూబిలీ పండుగలు చేసికొని చరిత్ర పుస్తకములు అచ్చువేయుచున్నవి. గుడి కట్టించిన దొరగారి పేరుండును, అధ్యక్షుల ఫోటోలుండును. ఎండలో ఊరూర తిరిగిన బైబిలు స్త్రీ పేరు ఎక్కడ? జీతము చాలక అప్పులపాలైన ఉపదేశి పేరు ఎక్కడ? తగవులో అన్యాయముగా వెలివేయబడి మరల గుడి మెట్లు ఎక్కని కుటుంబపు సంగతి ఎక్కడ? పెద్దలు బ్రతికియుండగానే అడిగి, సాక్షులను విచారించి వ్రాయుడి. మన పిల్లలు ఒకనాడు నిజము వేరొక చోట తెలిసికొని, మనము దాచితిమని గ్రహించినయెడల, మనము చెప్పిన సువార్తను కూడ అనుమానింతురు. పేతురు బొంకినది నాలుగు సువార్తలలోను వ్రాయబడియున్నది. దానివలన సంఘము కూలిపోలేదు. కృప ఎంత గొప్పదో దానివలననే మనకు తెలిసినది.

సత్యస్వరూపియైన తండ్రీ, మేము ప్రేమించువారిని గూర్చి వ్రాయునప్పుడు భయములేని చేతిని, ద్వేషములేని హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.