పట్టి వదలడం దయేనా?

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో హెన్రీస్ ఫోర్క్ అనే నది ఉంది. హారిమన్ పార్కులో దాని నీరు అద్దంలా, నెమ్మదిగా పారుతుంది. అక్కడి ట్రౌట్ చేపలు సన్నని దారాన్ని కూడా పసిగడతాయి. వాటికి వానపామును ఎర వేయరాదు. ఈకలతో కట్టిన కృత్రిమ ఈగను, నిజమైన ఈగ వాలినట్టే నీటిపై వాల్చాలి. అంత శ్రమపడి పట్టినా, తిరిగి వదిలేయాలన్నది నియమం.

స్విట్జర్లాండులో చట్టం దీనికి భిన్నం. వదిలే ఉద్దేశంతో చేపలు పట్టడమే అక్కడ నిషిద్ధం. తినడానికైతే సరే, ఆటకు హింసించరాదని దాని భావం.

ఎవరిది న్యాయం? ట్రౌట్ తలలో గాయాన్ని గ్రహించే నరాలున్నాయని లిన్ స్నెడన్ బృందం 2003లో చూపింది. అది మనలాగే బాధపడుతుందా అన్న వాదం ఇంకా తెగలేదు. తెగనంతకాలం సందేహాన్ని మన వినోదానికి అనుకూలంగా తీర్చుకోవడం నాకు సమ్మతం కాదు. “ఈ నదిలో పట్టడానికి ఎంత ఓర్పు కావాలో!” అంటారు. నిజమే. ఆ ఓర్పుతో కొక్కెం దిగిన చేపకు ఒరిగేదేమిటి?

అయితే పట్టిన ప్రతివాడూ వండుకుంటే నదిలో చేప మిగలదు. ఆ నది రక్షణకు 1984లో సంస్థ స్థాపించినదీ గాలం వేసేవారే. ఈ మాట మరువరాదు.

నీరు 20 డిగ్రీలు దాటితే అందులో ప్రాణవాయువు తగ్గి, వదిలిన ట్రౌట్ కోలుకోవడం కష్టం. నిషేధపు బోర్డు లేకున్నా నీటిలో థర్మామీటరు ముంచి చూసి, ఎదుట చేపలు మూతులు పైకెత్తుతుండగానే గాలం చుట్టేసుకునేవారున్నారు. ఆ పూట వారి వాదన నాకు వినబుద్ధవుతుంది.