తలుపు కింద రెండంగుళాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి నేల మార్పించి చూడు అని కూడా అనవలసింది. పాపం, వాళ్ళ కాలంలో నేల మార్చే అలవాటు లేదు కాబోలు! బేతంచెర్ల రాయో తాండూరు రాయో ఒకసారి పరిస్తే మూడు తరాలు దానిమీదే పాకి, నడిచి, చేతికర్ర పట్టేవాళ్ళు. అరిగేకొద్దీ ఆ రాయికి నునుపు వచ్చేదే గాని వయసు వచ్చేది కాదు. ఇప్పుడు మనకి ముప్ఫై ఏళ్ళకే మొజాయిక్ మొహం మొత్తుతోంది. తవ్వించి టైల్స్ వేయిస్తున్నాం. మేమూ వేయించాం.

పనిలో పనిగా లోపలి గదుల గడపలన్నీ తీయించేశాం. మా అత్తగారికి ఎనభై దాటాయి, మోకాళ్ళు ససేమిరా వంగనంటున్నాయి. వాకర్ పట్టుకుని నడిచే మనిషికి ప్రతి గడపా ఒక కొండే. వీధి గుమ్మం గడప మాత్రం ఉంచాం. శుక్రవారం పసుపు రాయడానికి ఒక్కటైనా ఉండాలి కదా!

నేల అద్దంలా వచ్చింది. కాకపోతే తలుపులన్నీ గాల్లో నిలబడ్డాయి. తలుపు పొడుగు గడపని లెక్కపెట్టుకుని చేసింది; గడప పోయాక అడుగున రెండంగుళాల ఖాళీ మిగిలింది. కాళ్ళు పెరిగిన పిల్లాడికి పాత లాగూ తొడిగినట్టుంది చూడటానికి.

రెండంగుళాలే కదా అనకండి. నాలుగంగుళాల మందం తలుపైనా సరే, కింద సందుంటే మాట ఆగదు. గాలి దూరే చోటల్లా చప్పుడూ దూరుతుంది. ఏసీ చల్లదనం మరీను. చల్లగాలి బరువు, నేలమీదికి దిగి తలుపు కిందనుంచి హాల్లోకి పారిపోతుంది. మా వారి బాధ అదీ. ఆయనకి మీటరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. మా అమ్మాయి బాధ వేరు. రాత్రి పన్నెండింటికి స్నేహితురాలితో గుసగుసలాడితే పొద్దున్న కాఫీ దగ్గర అందరి మొహాల్లోనూ ఆ సంగతి కనిపిస్తోందట.

వడ్రంగి వచ్చి చూశాడు. తలుపు అడుగున టేకు పట్టీ జిగురేసి, మరలు బిగించి, పాలిష్ చేస్తానన్నాడు. ముందు తలుపుని పూర్తిగా తెరిచి మూసి, నేల ఎక్కడ ఎత్తుగా ఉందో చూసుకున్నాడు. అక్కడ పావంగుళం వదలాలిట, లేకపోతే వానాకాలంలో చెక్క ఉబ్బి టైల్స్‌ని గీస్తుంది. ఆ మిగిలిన పావంగుళం కూడా వద్దనుకుంటే లోపలివైపు రబ్బరు పట్టీయో, బ్రష్షు పట్టీయో కొట్టుకోవచ్చు. స్నానాలగదికి మాత్రం కాస్త సందు ఉంచెయ్యమన్నాడు. కిందనుంచి గాలి వెళ్ళకపోతే పైన ఫ్యాను తిరిగీ లాభం లేదు, తడి ఆరదు. వంటింటికి నేనే వద్దన్నాను. గ్యాసు గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. లీకయితే ఆ వాసన నలుగురికీ తెలియాలి.

అంటే కొన్ని సందులు మూయాలి, కొన్ని ఉంచాలి. స్నానాలగదికీ వంటింటికీ లెక్క తేలింది. మనుషుల గదుల దగ్గరే చిక్కు.

అత్తగారి గది అలాగే ఉంచేద్దామని నా ఆలోచన. రాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు ఆ తలుపు కింద వెలుగు గీత కనిపిస్తే ఆవిడ మెలకువగా ఉన్నారని తెలుస్తుంది. దగ్గు వినిపిస్తే సరే, వినిపించకపోతే మరికాస్త నిలబడి వింటాను. ఆ వయసులో ఏ రాత్రి కాలు జారుతుందో ఎవరు చెప్పొచ్చారు?

ఆవిడేమో వడ్రంగి ఉండగానే నన్ను పిలిచి, “ముందు నా గదికి కొట్టించమ్మా ఆ చెక్క” అన్నారు.

“మీకెందుకత్తయ్యా, ఏదైనా అయితే మాకు వినపడొద్దూ?” అన్నాను.

“వినపడుతుందనే. దగ్గొస్తే నోట్లో కొంగు కుక్కుకుంటున్నాను, పిల్ల పరీక్షలకి చదువుకుంటోందని. ఏ అర్ధరాత్రో ఆయన గుర్తొస్తే గట్టిగా ముక్కు చీదడానికి కూడా లేదు. లైటు వేస్తే నువ్వు లేచొస్తావు” అన్నారు.

నాకు ఊరట ఇచ్చే ఆ వెలుగు గీత, ఆవిడ చేత చీకట్లో కూర్చోబెట్టిస్తోందన్నమాట! మరి ఆ సందు ఎవరిది? కంగారుపడే మనసుకి వినే హక్కుందా, లేక లోపలున్న మనిషికి వినపడకుండా ఉండే హక్కుందా? ఎవరిది పెద్దది? పిల్లల విషయంలో మనం ఈ ప్రశ్న వేసుకోము, పెద్దవాళ్ళ విషయంలో అసలే వేసుకోము. “మీ మంచికే” అన్న మాట ఒక్కటి చాలు, ఏ తలుపు కిందైనా చెవి పెట్టెయ్యొచ్చు.

నాకు తోచింది చెబుతాను. సందులోంచి వినేవాళ్ళకి అడగవలసిన పని ఉండదు. దగ్గు విన్నాం, మందు పంపాం, అయిపోయింది. పక్కన కూర్చుని “నిద్ర పట్టడం లేదా?” అని అడిగితే జవాబు పొడుగ్గా వస్తుంది, అందులో మావగారు వస్తారు, అరగంట పడుతుంది. సందు ఆ అరగంటని మిగులుస్తుంది. మిగిల్చిందని మనం సంతోషించాలా?

ఇంకొకటి. మన ఇళ్ళలో తలుపు తట్టే మర్యాద ఎక్కడుంది? “అత్తయ్యా” అన్న పిలుపూ, మనమూ ఒకేసారి లోపల ఉంటాం. ఆ మర్యాదేదో ఇన్నాళ్ళూ గడపే చూసుకునేది. లోపలా కాదు, బయటా కాదు అని నరసింహస్వామి ఏరికోరి కూర్చున్న చోటది. ఎంత తొందరలో ఉన్నవాళ్ళైనా అక్కడ ఒక్క క్షణం ఆగి కాలెత్తవలసిందే. ఆవిడ కాళ్ళ కోసం గడప తీశాం, బాగానే ఉంది. ఆ క్షణం ఆగడాన్ని మాత్రం మనం గుర్తుపెట్టుకుని చెయ్యాలి.

ఆవిడ గదికే మొదట చెక్క పడింది, రబ్బరు పట్టీతో సహా. బదులుగా నేనొకటి అడిగాను, ఆవిడ ఒప్పుకున్నారు: లోపల గడియ వేసుకోరు, మంచం పక్కన చేతికందేలా కాలింగ్ బెల్ ఉంటుంది. అది నొక్కితే మా గదిలో మోగుతుంది. నొక్కడమా మానడమా అన్నది ఆవిడ ఇష్టం.

భయం పూర్తిగా పోయిందని అనను. రాత్రిళ్ళు ఆ తలుపు నల్లగా, చప్పుడు లేకుండా ఉంటే ఇప్పటికీ గుండె గుబుక్కుమంటుంది. కానీ నా గుబులు మోయవలసింది నేనే కదా, ఆవిడ దగ్గు ఆపుకుని నా బదులు ఎందుకు మొయ్యాలి? ఎవరి తలుపు కింద ఎంత ఖాళీ ఉండాలో లోపలున్నవాళ్ళనే అడగండి. ఆ జవాబు బయట నిలబడితే వినపడదు.