పరుసవేదీ, కర్బనమూ

1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ తన తరవాత గురుపీఠాన్ని గ్రంథసాహిబ్‌కు అప్పగించారు. ఆ గ్రంథంలో మరాఠీ భక్తుడు నామదేవుని పదాలూ ఉన్నాయి.  ఆయనలాంటి భక్తికవులకు ఇష్టమైన పోలిక పరుసవేది. అది సోకితే ఇనుము బంగారమైనట్టు, గురుసాంగత్యంలో మనిషి మారతాడంటారు. అందమైన పోలికే, కానీ బంగారమయ్యాక ఇనుమెక్కడుంది? పాతవాడు మిగలకపోతే బాగుపడింది ఎవరు? ఇంతకన్నా నమ్మదగిన పోలిక అయస్కాంత శాస్త్రంలో ఉందని నా వాదన.

రెండు సమేరియం పరమాణువులకు పదిహేడు ఇనుప పరమాణువులు చేరిన సమ్మేళనం ఒకటుంది. అంత ఇనుమున్నా సుమారు 116 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని అయస్కాంతత్వం చెదిరిపోతుంది. ఇనుము చాలక కాదు, ఇరుకై. కొన్ని ఇనుప జంటలు మరీ దగ్గరగా నిలిచి, అన్నీ ఒకే దిక్కు చూడాల్సిన వరుసను చెడగొడతాయి. 1990లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో మైఖేల్ కోయ్, హాంగ్ సన్ అమ్మోనియాతో ఆ స్ఫటికం సందుల్లోకి నైట్రోజన్‌ను ఎక్కించారు. హైడ్రోకార్బన్ వాయువులతో కర్బనమూ అలాగే ఎక్కుతుంది. కర్బనం అయస్కాంతం కాదు. అయినా స్ఫటికం ఉబ్బి, ఆ వేడి హద్దు 400 డిగ్రీల దరిదాపుకు పోతుంది. బయటినుంచి నొక్కితే హద్దు దిగుతుంది. అంటే కర్బనం తనలో లేనిదాన్ని దానం చేయలేదు, చోటు కల్పించింది. అడ్డు లేకపోవడమూ ఒక కారణమేనన్న నైయాయికుల (న్యాయదర్శన తార్కికుల) మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది: నిప్పును ఆపే మణి అడ్డుంటే నిప్పు కాల్చదు, తీస్తే కాలుస్తుంది.

సాంగత్యమంటే అడ్డు తీయడమేనా అని అడగవచ్చు. కాదు. హైడ్రోజన్ దూరినా స్ఫటికం ఉబ్బుతుంది, హద్దు పెరుగుతుంది. అయస్కాంత దిశ మాత్రం మునుపటిలాగే స్ఫటికాక్షానికి అడ్డంగా ఉన్న తలంలోనే పడి ఉంటుంది. కర్బనం సమేరియం పక్కనే కుదురుకుని ఆ దిశను స్ఫటికాక్షం వైపు తిప్పుతుంది. శాశ్వత అయస్కాంతానికి కావలసింది అదే. కనుక ఎవరు చేరారన్నదీ, ఎక్కడ చేరారన్నదీ లెక్కకు వస్తాయి. మనిషి స్ఫటికం కాదుగా అన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. ఒప్పుకుంటాను, స్ఫటికానికి ఇష్టాయిష్టాలు లేవు, పోలిక రుజువు కాదు. కానీ తనలో లేని గుణాన్ని ఎవరూ ఎదుటివారిలో పెంచలేరన్న సూత్రాన్ని కొట్టేయడానికి ఒక్క ఎదురు ఉదాహరణ చాలు. ఈ సాంగత్యమూ శాశ్వతం కాదు. మరీ కాలిస్తే సమేరియం కర్బనాన్ని పట్టుకుని వేరుపడుతుంది, ఇనుము ఉత్త ఇనుముగా మిగులుతుంది.