ఆ నూనె ఎవరు కొనిరి?

లూకా 10వ అధ్యాయములోని సమరయుని గూర్చి మనమెన్నో ప్రసంగములు వింటిమి. అతడు గాయములకు పోసిన నూనె ఏ అంగడిలో కొనెనో, ఎవరికొరకు కొనెనో మాత్రము మనమడుగము.

1915లో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారి పనివలన డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసెను. ఆ దినములలో ఆ వ్యాధికి చాల్ముగ్రా జాతి గింజల నూనెయే మందు. ఆ చెట్లు పడమటి కనుమలలోను, బర్మా అడవులలోను పెరుగునవి. డిచ్‌పల్లి చేలగట్లపై దొరకునవి కావు. సూది వేసిన చేతిని రోగి యెరుగును గాని, నూనె మోసి తెచ్చిన చేతిని ఎరుగడు.

మన గోదావరిఖని ప్రక్క పల్లెలోని చిన్న ఆసుపత్రికి హైదరాబాదునుండి జీపులో మందులు తెచ్చుచున్నామనుకొందము. రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి, ఎదురుగా బొగ్గు లారీలు. పెట్టెలో ఇన్సులిను, దానిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. సుల్తానాబాదు దాటగానే త్రోవప్రక్క ఒకడు గాయపడి పడియున్నాడు. ఆగుదమా? ఎండ మండుచున్నది, ఐసు కరగుచున్నది. యాజకునికిని ఏదో తొందరపని ఉండియే యుండును!

ఆ మందుకై కాచుకొనియున్నవాడును, కంటికి కనబడకున్నను, మన పొరుగువాడే. అయినను ఆగవలెననియే మా తలంపు. 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు గాయముమీద గుడ్డ అదిమి పట్టవలెను. ఐసు పెద్దపల్లిలో మరల కొనవచ్చును.

ఈలోగా మందు వేడెక్కినయెడల? ఇన్సులిను చెడినను చూపునకు మునుపటివలెనే యుండవచ్చును. చెప్పకున్న ఎవరును కనుగొనరు. ఆసుపత్రిలో నోరు తెరచి ఆ సంగతి చెప్పి, ఆ సీసాలను ప్రక్కన పెట్టించుట దారిలో ఆగుటకంటె కష్టము. అచ్చట మెచ్చుకొనువారుండరు, లెక్క అడుగు కమిటీవారుందురు.