పువ్వు పూసేదాకా

పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో ఎవరూ నాటని మొక్క ఒకటి మొలిచింది. నేలకు పరుచుకుని, చీలికలు చీలికలుగా, చామంతి ఆకును పోలిన ఆకులు. మాచిపత్రి కావచ్చు, వయ్యారిభామ కావచ్చు. పీకాలా, ఉంచాలా?

కలుపన్నది మన చూపులోనే ఉంది, ప్రకృతికి అన్నీ ఒకటే అంటారు. నేనొప్పుకోను. వయ్యారిభామ తన వేళ్లనుంచీ ఆకులనుంచీ వదిలే రసాయనాలతో పక్క విత్తనాన్ని మొలకెత్తనివ్వదు. తాకితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. ఇందులో మన చూపు చేసిందేముంది?

అలాగని అనుమానం మీద పీకెయ్యడానికి చెయ్యి రావడం లేదు. రూఢిగా చెప్పాలంటే పువ్వు చూడాలి. 1753లో వయ్యారిభామకు శాస్త్రనామం పెట్టిన లిన్నేయస్ మొక్కల్ని వర్గాలుగా విడదీసింది కూడా పువ్వులోని కేసరాల్ని బట్టే. కానీ ఇది పూతకు రాకముందే పీకవలసిన మొక్క. పూసిందంటే ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. తెలిసేదాకా ఆగితే పీకే అదును దాటిపోతుంది. అదునులో పీకితే తెలియకుండా ఒక ప్రాణం తీసినట్టవుతుంది. రెండు రకాలుగానూ తప్పే అనిపిస్తోంది.

చవితి ముందురోజు అమ్మమ్మ నన్ను పత్రి కోసం చెరువుగట్టుకు తీసుకెళ్లేది. ఆవిడ పువ్వు కోసం చూసేది కాదు. పుల్లతో ఆకు తిరగేసేది. అడుగు తెల్లగా నూగుతో ఉంటేనే తుంచి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టేది.

"మాచిపత్రిరా. ఈ వాసన ఇంక మర్చిపోవు."

"మరి అదేంటమ్మమ్మా?"

"తెలీదు నాయనా. తెలియనిది దేవుడికి పెట్టకూడదు. దాని మానాన దాన్ని ఉండనీ."

ఎంత మర్యాద అది! తెలియనిదాన్ని వాడుకోదు, చంపదు. చాలా ఏళ్లు నేను దాన్నే ధర్మమనుకున్నాను. కానీ ఆ గట్టు మీద ఇవాళ మాచిపత్రి లేదు, ఉత్తరేణి లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు వయ్యారిభామే. దాని మానాన దాన్ని ఉండనిచ్చిన వాళ్లంతా మంచివాళ్లే. ఆ మంచితనం ఖరీదు పక్క మొక్కలు చెల్లించాయి.

పొద్దున ఆకు తిరగేశాను. అడుగున తెలుపు లేదు. అదొక్కటే పూర్తి రుజువు కాదని తెలుసు. అయినా చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా పీకేశాను. మనసింకా కుదుటపడలేదు, పడనక్కర్లేదు కూడా. మీ పెరట్లో ఇలాంటిది మొలిస్తే ఆకు తిరగేసి చూడండి. పువ్వు కోసం మాత్రం ఆగకండి.